పాత జాన్సన్ మోటారు, ఛార్జ్ ఎక్కని బ్యాటరీ, కదలని ముల్లు

ప్రశ్న: మేము అమెరికాలోని మిన్నెసోటా రాష్ట్రంలో ఉంటున్నాము. రెండేళ్ళ క్రితం ఒక పాత అల్యూమినియం పడవను, దానికి బిగించి ఉన్న జాన్సన్ 40 హార్స్‌పవర్ అవుట్‌బోర్డ్ మోటారుతో సహా కొన్నాను. మోటారు రేకు మీద జె40ఈఎల్‌సీయూ అని మొదలయ్యే నంబరు ఉంది. అది ఏ సంవత్సరపు మోటారో అమ్మినవారికీ తెలియదు. ఉదయం తాళం తిప్పగానే స్టార్ట్ అవుతుంది కాని, సరస్సు మీద నాలుగైదు గంటలు చేపలు పట్టి తిరుగుముఖం పట్టేసరికి స్టార్టర్ మూలుగుతుంది. పోయిన వేసవిలో నీళ్ళు పోయనవసరం లేని కొత్త బ్యాటరీ వేశాను. ఈ వేసవికి అదీ అదే దారి పట్టింది. మే నెలలో ఒకసారి కారు బ్యాటరీతో తీగలు కలిపి స్టార్ట్ చేయవలసి వచ్చింది. తొందరలో ఒక్క క్షణం తీగలు తారుమారై మెరుపు వచ్చింది, వెంటనే సరిచేశాను. ఈ మధ్య ఆర్‌పీఎం చూపే ముల్లు కూడా సున్నా దగ్గరే ఉండిపోతోంది, అది వేరే సంగతి అనుకోండి. ఇంజిన్ మాత్రం చక్కగా నడుస్తోంది. స్టేటర్, అంటే బ్యాటరీకి కరెంటు తయారుచేసే తీగచుట్ట, మార్చాలని ఒక మిత్రుడు అంటున్నారు. ఇంజిన్ నడుస్తుండగా బ్యాటరీ తీగ ఊడదీసి, ఇంజిన్ ఆగుతుందో లేదో చూడమని మా బావగారు అంటున్నారు. ఎవరి మాట వినాలి?

సమాధానం: మీ బావగారి మాట మాత్రం ఈ ఒక్క విషయంలో వినకండి. కార్లకు, జీపులకు డైనమోలు ఉన్న రోజుల్లో మన ఊళ్ళలో మెకానిక్కులు ఆ పరీక్ష చేసేవారు, నేనూ కుర్రతనంలో చేసినవాడినే. మీ మోటారులో మాత్రం ఫ్లైవీలు (ఇంజిన్ పైన తిరిగే బరువైన చక్రం) కింద తయారయ్యే కరెంటును ఎప్పటికప్పుడు పీల్చుకుని వోల్టేజీని అదుపులో ఉంచేది బ్యాటరీ ఒక్కటే. ఇంజిన్ వేగంగా తిరుగుతున్నప్పుడు ఆ బ్యాటరీని తప్పించారంటే వోల్టేజీ ఒక్కసారిగా ఎగబాకి, ఆ కరెంటును బ్యాటరీకి పనికివచ్చే డీసీగా మార్చే రెక్టిఫైయర్‌లోని డయోడ్లను (కరెంటును ఒక వైపుకే పోనిచ్చే భాగాలను) కాల్చివేస్తుంది. పైగా బ్యాటరీ తీసినంత మాత్రాన ఈ మోటారు ఆగదు. దీని ఇగ్నిషన్‌కు కావలసిన కరెంటు ఫ్లైవీలు కిందే ఉన్న వేరొక తీగచుట్ట నుంచి వస్తుంది కనుక, ఆ పరీక్షలో ఇంజిన్ ఆగినా ఆగకపోయినా ఛార్జింగ్ గురించి మీకు తెలిసేది ఏమీ ఉండదు. ఇంజిన్ చక్కగా నడుస్తున్నా బ్యాటరీ దిగిపోవడానికి కారణం కూడా అదే. రెండు పనులూ ఒకే చోట జరుగుతున్నా వేర్వేరు చుట్టల మీద జరుగుతున్నాయి.

ముందుగా మీ మోటారు వయసు చెబుతాను. జాన్సన్, ఎవిన్‌రూడ్ మోటార్లను తయారుచేసిన అవుట్‌బోర్డ్ మెరైన్ కార్పొరేషన్ 1980 నుంచి సంవత్సరాన్ని అక్షరాలలో దాచడం మొదలుపెట్టింది. ఇంగ్లీషులో ‘ఇంట్రడ్యూసెస్’ అన్న మాటకు పది అక్షరాలు, ఏదీ రెండుసార్లు రాదు. ఐ అంటే 1, ఎన్ అంటే 2, అలా వరుసగా లెక్కిస్తే సీ 8, యూ 7 అవుతాయి, చివరి ఎస్ సున్నా. మీ నంబరులోని సీయూ అంటే 1987. మొదటి జె జాన్సన్‌ను, 40 శక్తిని, ఈ ఎలక్ట్రిక్ స్టార్టును, ఎల్ పొడుగు కాడను సూచిస్తాయి. ఆ సంస్థ 2000 డిసెంబరులో దివాలా తీసింది, ఆ తరువాత ఈ పేర్లు బొంబార్డియర్ చేతికి వెళ్ళాయి, 2020లో ఎవిన్‌రూడ్ ఉత్పత్తి కూడా ఆగిపోయింది. అయినా ఇలాంటి మోటార్ల విద్యుత్ భాగాలను సీడీఐ, సియెర్రా వంటి సంస్థలు నేటికీ తయారుచేస్తున్నాయి కనుక భాగాలు దొరకవేమో అన్న బెంగ అక్కరలేదు. దుకాణంలో సంవత్సరం మాత్రమే కాక మొత్తం నంబరు చెప్పండి, ఎందుకంటే ఒక్క అక్షరం మారితే భాగమూ మారవచ్చు.

ఇక అసలు విషయానికి వస్తాను. మీరు ‘వేరే సంగతి’ అని పక్కన పెట్టిన ఆర్‌పీఎం ముల్లే మీ ఉత్తరంలో నాకు అన్నిటికన్నా పనికివచ్చిన మాట. ఈ మోటార్లలో ఆ ముల్లుకు ప్రత్యేకమైన సెన్సర్ ఏదీ లేదు. బ్యాటరీని ఛార్జ్ చేసే స్టేటర్ చుట్ట నుంచి రెక్టిఫైయర్‌కు వచ్చే రెండు పసుపు తీగలలో ఒకదాని దగ్గర బూడిద రంగు తీగను కలిపి, ఆ చుట్టలో పుట్టే తరంగాలను లెక్కపెట్టి, అది వేగాన్ని చూపుతుంది. అంటే ముల్లు చచ్చిపడి ఉన్నదంటే, చాలా సందర్భాలలో ఛార్జింగ్ వ్యవస్థ నాడి కూడా ఆడడం లేదని అర్థం. తీగలు తారుమారైన సంఘటన మేలో జరిగింది, ముల్లు ‘ఈ మధ్య’ ఆగింది. ఈ రెండింటినీ కలిపి చూస్తే నా అనుమానం స్టేటర్ మీదకు కాక రెక్టిఫైయర్ మీదకు పోతుంది. బ్యాటరీ ప్లస్సు మైనస్సులు తిరగబడిన క్షణంలో రెక్టిఫైయర్‌లోని డయోడ్ల గుండా బ్యాటరీ శక్తి అంతా అడ్డూ ఆపూ లేకుండా ప్రవహిస్తుంది, డయోడ్లు మాడడానికి ఆ ఒక్క క్షణం చాలు. మీకు కనిపించిన మెరుపు అదే కావచ్చు.

అనుమానం ఎంత బలంగా ఉన్నా కొలిచి చూడకుండా భాగం కొనవద్దు. మీ కష్టం మే నెలకు ముందే మొదలయింది కదా, కారు బ్యాటరీ అవసరం పడిందే అందుకు. కనుక రెక్టిఫైయర్ చెడకముందు కూడా ఏదో లోటు ఉండి ఉండాలి. ఆ లోటు ఏమిటో ఒక చిన్న లెక్క చెబుతుంది.

మీ మోటారు తరానికి చెందిన చిన్న ఇంజిన్లు పూర్తి వేగంలో ఇచ్చేది సుమారు 4 నుంచి 6 ఆంపియర్లు. నెమ్మదిగా నడిచేటప్పుడు దాదాపు ఏమీ ఇవ్వవు. కారు ఆల్టర్నేటర్‌తో దీనిని పోల్చకూడదు. స్టార్టర్ తీసుకున్న దానిని తిరిగి పూడ్చడమే దీనికి అప్పగించిన పని. స్టార్టర్ 150 ఆంపియర్ల చొప్పున 5 సెకన్లు తిరిగిందనుకుంటే ఖర్చయ్యేది 750 ఆంపియర్-సెకన్లు, అంటే ఆంపియర్-అవర్‌లో ఐదోవంతు. దానిని 4 ఆంపియర్లతో మూడు నాలుగు నిమిషాల్లో తీర్చవచ్చు. కాని చేపలను బ్రతికించి ఉంచే తొట్టి పంపు 3 ఆంపియర్లు, చేపల జాడ చూపే తెర ఒక ఆంపియర్, చీకటి పడ్డాక పాత బల్బుల దీపాలు మరో 2 ఆంపియర్లు తీసుకుంటూ ఉంటే, నాలుగైదు గంటలలో 20 ఆంపియర్-అవర్ల వరకు పోతుంది. మీరు వాలై చేపల కోసం గాలాన్ని ఈడుస్తూ నెమ్మదిగా తిరిగే మనిషి అయితే, మోటారు నిక్షేపంగా ఉన్నా ఆ అప్పు తీరదు. అందువల్ల ఒక రోజు ఆ పంపు, తెర ఏవీ వాడకుండా తిరిగి చూడండి. బ్యాటరీ అప్పటికీ దిగిపోతే లోపం మోటారులోనో బ్యాటరీలోనో ఉన్నట్టు, దిగకపోతే వాడకంలోనూ ఉన్నట్టు.

పరీక్షలను బ్యాటరీ దగ్గర మొదలుపెట్టండి, అది ఏడాది కిందటిదే అయినా సరే. పలుమార్లు పూర్తిగా దిగిపోయిన బ్యాటరీ కొత్తదైనా పాతదానితో సమానమే. ఇంట్లో ఛార్జర్ పెట్టి పూర్తిగా నింపండి, ఒక రాత్రి ఏ తీగా తగిలించకుండా వదిలి, తెల్లవారాక మల్టీమీటర్‌తో చూడండి. 12.6 వోల్టులు, అంతకు కాస్త పైన ఉంటే నిండుగా ఉన్నట్టు, 12.2 ఉంటే సగమే మిగిలినట్టు, 12 కంటే కిందికి వస్తే అడుగంటినట్టు. ఆ తరువాత దాని బలం చూడాలి. విడిభాగాల దుకాణాలలో చాలాచోట్ల లోడ్ పరీక్ష డబ్బు తీసుకోకుండానే చేస్తారు. బ్యాటరీ మీద రాసిన కోల్డ్ క్రాంకింగ్ ఆంపియర్లలో (చలిలో స్టార్టర్‌కు ఇవ్వగల కరెంటు) సగం భారం 15 సెకన్ల పాటు మోపినప్పుడు, మామూలు గది వేడిలో 9.6 వోల్టుల కంటే పైన నిలబడితే అది పనికివచ్చే బ్యాటరీ. నిలబడకపోతే మిగిలిన పరీక్షలన్నీ మంచి బ్యాటరీ తెచ్చాకే చేయండి, లేకుంటే ప్రతి అంకె మిమ్మల్ని తప్పుదారి పట్టిస్తుంది.

బ్యాటరీ రకం గురించి కూడా ఒక మాట చెప్పాలి. మీ మోటారులో వోల్టేజీని అదుపుచేసే రెగ్యులేటర్ లేదు, రెక్టిఫైయర్ ఒక్కటే ఉంది. చాలాసేపు పూర్తి వేగంతో వెళితే నిండిన బ్యాటరీలోకి కూడా అది కరెంటును తోస్తూనే ఉంటుంది, వోల్టేజీ 15 దాటవచ్చు, నీరు ఆవిరవుతుంది. మూతలు తీసి డిస్టిల్డ్ నీరు పోయగల పాతరకం లెడ్-ఆసిడ్ బ్యాటరీ దీనికి తగినది. మీరు వేసిన మూసిన రకానికి పోయిన నీటిని తిరిగి పోసే దారి లేదు. లిథియం బ్యాటరీ జోలికి ఈ మోటారుతో అసలు వెళ్ళవద్దు.

తరువాత తీగల కొసలు. పాత పడవలలో ఛార్జింగ్ లోపాలుగా కనిపించేవాటిలో ఎన్నో నిజానికి చిలుము పట్టిన కొసలే అని నా అనుభవం. బ్యాటరీ మీద చేత్తో తిప్పే రెక్కల నట్టులు ఉంటే తీసివేసి, పానాతో బిగించే మామూలు స్టెయిన్‌లెస్ నట్టులు, లాక్ వాషర్లు వేయండి. రెక్కల నట్టు అలల కుదుపుకు వదులవుతుంది. వదులైన ప్రతిసారీ జరిగేది మీ బావగారి పరీక్షే, కాకపోతే మీకు తెలియకుండా జరుగుతుంది. ఇంజిన్ నడుస్తుండగా పడవలోని బ్యాటరీ స్విచ్చిని ఆఫ్ వైపు తిప్పినా అంతే. ఇంజిన్ దిమ్మెకు మైనస్ తీగ కలిసే చోటును, స్టార్టర్ సోలినాయిడ్ (స్టార్టర్‌కు కరెంటు కలిపే స్విచ్చి) మీది బోల్టులను విప్పి, గరుకు కాగితంతో మెరిసేదాకా రుద్ది తిరిగి బిగించండి. విప్పేటప్పుడు మైనస్‌ను ముందు తీయాలి, బిగించేటప్పుడు చివర పెట్టాలి. ఆ తరువాత మీటరు ఒక కొసను బ్యాటరీ మైనస్ స్తంభానికి, రెండో కొసను ఇంజిన్ దిమ్మెకు ఆనించి, మరొకరిని తాళం తిప్పమనండి. స్టార్టర్ తిరుగుతున్నంతసేపు అక్కడ అర వోల్టు కంటే తక్కువే కనబడాలి. ఎక్కువ కనబడితే పైకి బాగున్న తొడుగు లోపల రాగిపోగులు నల్లబడి ఉంటాయి, ఆ తీగను మార్చడమే దారి. ఫ్యూజు సంగతి మీరు వెతకనక్కరలేదు. అది తెగితే తాళానికి కరెంటు చేరదు, స్టార్టర్ పలకనే పలకదు.

ఇప్పుడు ఇంజిన్ నడుస్తుండగా కొలవాలి. ఇంటి ముందు నీటి గొట్టం తగిలించి ఈ పరీక్ష చేయవద్దు. భారం లేకుండా ఇంజిన్‌ను ఎక్కువ వేగానికి తీసుకువెళ్ళడం ప్రమాదం, తక్కువ వేగంలో మీకు తెలిసేది ఏమీ ఉండదు. సరస్సులోకి వెళ్ళి ఒకరు పడవ నడుపుతుండగా మరొకరు బ్యాటరీ మీదనే కొలవాలి. బయలుదేరే ముందు 12.5 ఉన్నదనుకోండి, సగానికి పైగా వేగం అందుకున్నాక అది 13 దాటి పెరుగుతూ పోవాలి. కదలకపోయినా, ఇంకా తగ్గుతూ పోయినా ఛార్జ్ ఎక్కడం లేదని తేలినట్టే. మీ విషయంలో తగ్గుతుందనే అనుకుంటున్నాను. కొలిచేవారు వదులు చొక్కాలు, మెడలో తువ్వాళ్ళు లేకుండా చూసుకోవాలి, ఫ్లైవీలు మీద కప్పు తీసి పడవ నడపకూడదు.

ఆ సంగతి తేలాక రెక్టిఫైయర్ దగ్గరకు రండి. ఇంజిన్ పక్కన స్క్రూలతో బిగించిన చిన్న దిమ్మె అది. స్టేటర్ నుంచి వచ్చే పసుపు తీగ, పసుపు మీద బూడిద చార ఉన్న తీగ, బ్యాటరీ వైపు వెళ్ళే ఎర్రతీగ దానికి కలుస్తాయి. మైనస్‌కు వేరే తీగ లేదు, దాని లోహపు అడుగే ఇంజిన్ దిమ్మెకు ఆని మైనస్‌గా పనిచేస్తుంది. ఆ అడుగు కింద రంగు గాని, తుప్పు గాని చేరితే మంచి రెక్టిఫైయర్ కూడా చెడినట్టే ప్రవర్తిస్తుంది, కనుక ముందు దానిని విప్పి శుభ్రం చేయండి. బ్యాటరీని తప్పించి, మూడు తీగలనూ విడదీసి, మీటరును డయోడ్ గుర్తు దగ్గర పెట్టండి. లోపల నాలుగు డయోడ్లు ఉంటాయి, అడుగుకూ ఒక్కో పసుపు కొసకూ మధ్య ఒకటి చొప్పున రెండు, ఒక్కో పసుపు కొసకూ ఎర్ర కొసకూ మధ్య మరో రెండు. ప్రతి జతనూ ఒకసారి ఒక వైపు, కొసలు మార్చి మరోసారి కొలవండి. ఒక వైపు 0.4 నుంచి 0.7 వరకు అంకె రావాలి, రెండో వైపు దారి మూసుకుపోయినట్టు చూపాలి. రెండు వైపులా సున్నాకు దగ్గరగా చూపితే ఆ డయోడ్ షార్ట్ అయింది, రెండు వైపులా మూసుకుపోయినట్టు చూపితే తెగిపోయింది. నాలుగింటిలో ఒక్కటి చెడినా మొత్తం రెక్టిఫైయర్‌ను మార్చడమే, లోపల బాగుచేయగలిగింది ఏమీ లేదు.

రెక్టిఫైయర్ నాలుగు పరీక్షలూ గట్టెక్కితే బూడిద రంగు తీగను దాని దగ్గర విడదీసి మళ్ళీ సరస్సు మీద కొలవండి. ఒక్కొక్కసారి ఆర్‌పీఎం మీటరు తానే లోపల షార్ట్ అయి, స్టేటర్ ఇచ్చేదంతా మింగేస్తుంది. ఆ తీగ తీయగానే ఛార్జ్ ఎక్కడం మొదలైతే దోషి డాష్‌బోర్డులో ఉన్నట్టు.

ఇక మీ మిత్రుడు అనుమానించిన స్టేటర్. రెండు పసుపు తీగలనూ రెక్టిఫైయర్ నుంచి విడదీసి వాటి మధ్య ఓమ్‌లు కొలిస్తే చాలా చిన్న అంకె, ఒక ఓమ్‌కు అటూ ఇటూ, కనబడాలి. ఖచ్చితమైన అంకెను మీ మోటారు నంబరుకు చెందిన సర్వీసు పుస్తకంలో చూసుకోండి, మీటరు కొసలను ఒకదానికొకటి ఆనించినప్పుడు వచ్చే అంకెను అందులోంచి తీసివేయడం మరవకండి. ఒక్కొక్క పసుపు తీగకూ ఇంజిన్ దిమ్మెకూ మధ్య మాత్రం ఏ దారీ ఉండకూడదు. దారి కనబడితే చుట్ట మీది పూత కాలి ఇంజిన్‌కు తగులుతున్నట్టు. అద్దంతో ఫ్లైవీలు కిందికి చూసినప్పుడు తారులాంటి నల్లని పదార్థం కరిగి కారిన జాడ ఉంటే, స్టేటర్ బాగా వేడెక్కిన సాక్ష్యం అది. షార్ట్ అయిన డయోడ్‌తో చాలాకాలం నడిపినా, ఎప్పుడూ అడుగంటిన బ్యాటరీతో నడిపినా ఈ స్థితి వస్తుంది. కనుక స్టేటర్ మార్చవలసి వస్తే పాత రెక్టిఫైయర్‌ను పరీక్షించకుండా దాని పక్కన కొత్త స్టేటర్‌ను పెట్టవద్దు, అదీ అలాగే కాలిపోతుంది.

స్టేటర్ మార్చే పనిని మాత్రం మీరు సొంతంగా మొదలుపెట్టవద్దనే నా సలహా. ఫ్లైవీలు కోసుగా ఉన్న కాడ మీద బిగుసుకుని ఉంటుంది. దానిని నడిమి రంధ్రాలలో బోల్టులు పట్టే పుల్లర్‌తోనే లాగాలి గాని, అంచు కింద గునపం పెట్టి ఎత్తకూడదు, సుత్తితో కొట్టకూడదు. లోపల అంటించిన అయస్కాంతాలు పగిలినా, ఊడినా, తిరిగి బిగించేటప్పుడు నట్టు బిగువు తగ్గి ఫ్లైవీలును కాడ మీద సరైన చోట నిలిపే చిన్న కీ తెగినా, ఛార్జింగ్ లోపం కాస్తా ఇంజిన్ లోపంగా మారుతుంది. రెక్టిఫైయర్ అయితే ధరలో స్టేటర్ కంటే చౌక, రెండు మూడు స్క్రూల పని, అది మీరే చేసుకోవచ్చు.

రాత్రి ఆపి ఉంచిన పడవలో కూడా బ్యాటరీ దిగుతోందా అన్నది మీ ఉత్తరంలో లేదు. ఉదయం వెంటనే స్టార్ట్ అవుతోందంటే బహుశా దిగడం లేదు, కాని నిశ్చయించుకోవడం తేలిక. తాళం తీసివేసి, అన్నీ ఆపి, మైనస్ తీగను విప్పి, దానికీ బ్యాటరీకీ మధ్య మీటరును ఆంపియర్ల దగ్గర పెట్టి చూడండి, మిల్లీఆంపియర్లలో తప్ప ఏమీ కనబడకూడదు. కనబడితే ఎర్రతీగను రెక్టిఫైయర్ నుంచి విడదీయండి. ప్రవాహం ఆగితే కారుతున్నది డయోడ్ల గుండానే. ఆగకపోతే పడవ అడుగు నీటిని తోడే పంపు స్విచ్చిని, రేడియోను ఒక్కొక్కటిగా తప్పించి వెతకండి.

రెక్టిఫైయర్ మార్చాక కూడా తొట్టి పంపు, చేపల తెర మీకు కావలసినవే కదా. వాటికి వేరుగా ఒక చిన్న డీప్-సైకిల్ బ్యాటరీ (చాలాసేపు కొద్దికొద్దిగా కరెంటు ఇచ్చే రకం) పెట్టి ఇంటికి రాగానే ఛార్జర్ తగిలించండి, మోటారు బ్యాటరీని స్టార్టర్ ఒక్కదానికే విడిచిపెట్టండి. మళ్ళీ ఎప్పుడైనా కారు తీగలు కలపవలసి వస్తే కారు ఇంజిన్ ఆపి ఉంచండి, ప్లస్సుకు ప్లస్సు ముందు కలపండి, చివరి మైనస్ కొసను పడవ బ్యాటరీ మీద కాకుండా దానికి దూరంగా మోటారు దిమ్మెకు పట్టించండి. బ్యాటరీ నుంచి వచ్చే హైడ్రోజన్, పడవలో నిలిచే పెట్రోలు ఆవిరి, రెండూ చిన్న మెరుపుకే అంటుకునేవి, మేలో మీరు ఆ మెరుపుతో బయటపడడం అదృష్టమే.

అక్టోబరులో పడవను ఒడ్డుకు లాగేటప్పుడు బ్యాటరీలను విప్పి, నిండా ఛార్జ్ చేసి, ఇంటి బేస్‌మెంటులో పెట్టండి. నిండిన బ్యాటరీలోని ఆసిడ్ సున్నాకు 60 డిగ్రీలు కిందికి వెళ్ళినా గడ్డకట్టదు గాని, పూర్తిగా దిగిపోయిన దానిలో దాదాపు నీరే మిగులుతుంది కనుక మైనస్ 7 సెల్సియస్ దగ్గరే గడ్డకట్టి డబ్బా పగులుతుంది, మీ ఊరి జనవరిలో ఆ చలి పట్టపగలే వస్తుంది.